నాలుగొందల యాభై ఐదు బోరు

ఆ రోజుల్లో మా ఇంట్లో కోపానికి కొదవ ఉండేది కాదు. మున్నేట్లో నీళ్ళు లేని ఏడాది ఉంది, మిర్చికి రేటు లేని ఏడాది ఉంది, పత్తికి పురుగు పట్టిన ఏడాదీ ఉంది. ఎవరో ఒకరు కోపంగా లేని పూట మాత్రం నాకు గుర్తు లేదు. (ఆ రోజులంటే ఏ పూర్వకాలమో అనుకోకండి. నేను ఇంజనీరింగ్ చదువుతూ, కాలేజీ బస్సు కిటికీలోంచి పరిటాల ఆంజనేయస్వామికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దండం పెట్టుకుంటున్న రోజులు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ జ్ఞాపకాలు రాసేవాడు ‘ఆ రోజుల్లో’ అనకపోతే చదివేవాళ్ళకి మర్యాద చేసినట్టుండదు.) మా పెదనాన్నకి కోపం వస్తే భుజం మీది తువ్వాలు తీసి ఫట్‌మని దులిపి మళ్ళీ వేసుకునేవాడు. ఆ చప్పుడుకి పెరట్లో కోళ్ళు సర్దుకుని కూర్చునేవి. నాయనమ్మకి కోపం వస్తే మనిషితో మాట్లాడటం మానేసి గేదెతో మాట్లాడేది. నాకు కోపం వస్తే జోకు వచ్చేది. అందువల్ల వాళ్ళిద్దరి కోపాలూ తీరాక కూడా నా మీద కొంచెం మిగిలి ఉండేది. (మా నాన్న శాంతస్వభావుడు. ఆయన్ని ఈ గొడవలోకి లాగను.)

మా ఊరు చిల్లకల్లులో హైవే దిగి పెనుగంచిప్రోలు వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. ఇంట్లో ముఖ్యమైనవన్నీ తాతయ్య పేరు మీదే ఉండేవి. పొలం ఆయన పేరు మీద, కరెంటు మీటరు ఆయన పేరు మీద, బోర్లు ఆయన పేరు మీద, ఒక రివాల్వరు కూడా ఆయన పేరు మీదే. తాతయ్య వయసులో ఉన్నప్పుడు గుంటూరులో మిర్చి అమ్ముకుని డబ్బుతో తిరిగొచ్చే దారిలో దొంగల భయం ఉండేదట. అప్పట్లో లైసెన్సు పెట్టుకుని, ఎవరో పెద్దమనిషి దగ్గర పాతది కొన్నాడు. దొరల కాలంలో ఏ సైనికాధికారి నడుముకో వేలాడిన సరుకు. రోకలంత బరువు. కొన్నప్పుడే పిడి పగిలిపోయి ఉంటే, ఆ ఏడే చచ్చిపోయిన మా గేదె కొమ్ము కోయించి, ఊరి వడ్రంగి చేత రెండు చెక్కలుగా చెక్కించి బిగించుకున్నాడు. ఆ గేదె నాయనమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చుకున్నది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ రివాల్వరు తాతయ్య దిండు కింద పడుకునేది. నాయనమ్మ దాన్ని పేరు పెట్టి పిలిచేది కాదు, ‘నా సవతి’ అనేది. “కాపరానికొచ్చిన కొత్తలోనే తెచ్చుకున్నాడు దాన్ని. నాకన్నా దగ్గరగా పెట్టుకుని పడుకునేవాడు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. దసరాకి ట్రాక్టరు, మందు కొట్టే స్ప్రేయరు, సవతి మూడింటినీ వరసగా పెట్టి పూజ చేసేవాళ్ళం. అన్నిట్లోకీ పెద్ద బొట్టు సవతికే. ఆ ముగ్గురిలో నాకు తెలిసి ఎప్పుడైనా పేలింది స్ప్రేయరొక్కటే. ఒక ఏడు మొక్కజొన్నలో అడవిపందులు పడుతున్నాయని తాతయ్య సవతిని తీసుకుని చేనుకి వెళ్ళాడు. పందులు ఆయన్ని చూశాయి, రివాల్వర్ని చూశాయి, భోంచేసి వెళ్ళిపోయాయి.

తాతయ్య పోయేముందు పెదనాన్న చెయ్యి పట్టుకుని పొలం సంగతి చెప్పలేదు, అప్పుల సంగతి చెప్పలేదు. “పెద్దోడా, అది ఇల్లు దాటకూడదురా” అన్నాడు. దాటనివ్వనని పెదనాన్న మాటిచ్చాడు. తాతయ్యకి చివరిగా వినపడిన మాట అదే. ఆ మాటివ్వటానికి ముందు చట్టం ఏమంటుందో కనుక్కోవాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అలాంటి సమయంలో ఎవరికి వస్తుంది?

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాలి, అయ్యాక తెచ్చుకోవాలి. ప్రతిసారీ తాతయ్యే వెళ్ళి ఇచ్చొచ్చేవాడు కాబట్టి ఆ సంగతి మాకు తట్టలేదు. ఒక పొద్దున పెదనాన్న ట్రాక్టరు మీద దుక్కి దున్నుతుంటే స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేశారు. ట్రాక్టరు ఇంజను ఆపి ఫోన్ మాట్లాడే అలవాటు మా ఊళ్ళో లేదు. పెదనాన్న దుక్కి సగంలో వదిలేసి ఇంటికొచ్చి తువ్వాలు దులిపాడు.

“స్టేషన్ నించి ఫోను. నాన్న పేరు మీదున్న ఓపెన్ బోరు నిషేధమంట. వెంటనే తెచ్చి స్టేషన్‌లో అప్పజెప్పాలంట!”

ఇక్కడ చిన్న వివరం. మాకు నీళ్ళు పడిన బోరు ఒకటుంది, పడని బోరు ఒకటుంది. పడనిది తాతయ్య పట్టుబట్టి వేయించిందే. ఎవరి అనుమతీ లేకుండా నాలుగొందల యాభై అడుగులు దాటించాడు. నీళ్ళు రాలేదు, తెల్లటి దుమ్ము వచ్చింది. దాని మీద గోనెపట్టా కప్పి, పైన నాపరాయి పెట్టి వదిలేశాం. తెరిచి వదిలేసిన బోర్లు మూయించండని అధికారులు అప్పుడప్పుడూ చాటింపు వేయిస్తూనే ఉన్నారు. అంచేత తప్పు చేసిన భయం మాకు ముందే సిద్ధంగా ఉంది, ఫోను రావటమే ఆలస్యం.

“బోరుని ఎట్టా తెస్తార్రా?” అంది నాయనమ్మ.

“అదే అడిగా. మేం రాం, మీరే తేవాలి అన్నాడు. మనది నాలుగొందల యాభై ఐదంట, అది ప్రొహిబిటెడ్ అంట. ముప్పై రెండైతే పర్లేదంట.”

“ముప్పై రెండడుగులకి తేమ కూడా తగలదు కదరా మన నేలలో!”

“నేనూ అదే అన్నా. రూలు రూలే అన్నాడు.”

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. “పెదనాన్నా, బోరంటే ఖాళీ. ఖాళీని స్టేషన్‌కి తీసుకెళ్ళాలంటే పొలాన్నంతా ఇక్కడే వదిలేసి మధ్యలో ఉన్న గుంటని మాత్రం ట్రక్కులో ఎక్కించాలి” అన్నాను. తువ్వాలు ఈసారి గాలిలో కాకుండా నా వీపు మీద దులపబడింది. నాయనమ్మ పెరట్లోకి వెళ్ళి గేదెతో, “చదివించారుగా, ఇట్టాగే మాట్లాడతారు” అంది.

కాసేపటికి పెదనాన్నకి అసలు కోపం వచ్చింది. “నాలుగొందల యాభై ఐదని అడుగు తేడా లేకుండా ఎట్టా చెప్పాడు? నాకే సరిగ్గా గుర్తు లేదు. కొలుచుకున్నోడెవడో చెప్పుండాలి.” బోరు వేసిన రోజు పొద్దుటినుంచీ గట్టు మీద కూర్చుని, లోపలికి దిగే రాడ్లు లెక్కపెట్టిన మనిషి ఒకడే ఉన్నాడు. మా పక్క చేనాయన. పెదనాన్నకి బావ వరస, నాకు మామయ్య. రెండు చేల మధ్య గట్టు ఎవరిదన్న విషయంలో ఆయనా పెదనాన్నా నా పుట్టుకకి ముందు నుంచీ పోట్లాడుకుంటున్నారు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు గట్టు మామయ్య. (వాళ్ళింట్లో మా పెదనాన్న పేరు ఏమిటో నాకు తెలుసు. ఇక్కడ రాయను.)

పెదనాన్న గట్టు మీదికి వెళ్ళేటప్పటికి మామయ్య మిరపమొక్కలకి నీళ్ళు మళ్ళించుకుంటున్నాడు.

“బావా! నా బోరు లోతు స్టేషన్‌లో ఎవడు చెప్పాడు?”

“నీ బోరు లోతుతో నాకేం పని? దాంట్లో నీళ్ళు లేవని మాత్రం జగ్గయ్యపేట దాకా తెలుసు.”

“చూశావా! చూశావా! ఆనందపడుతున్నావ్!”

“ఆనందం కాదయ్యా. మీ నాన్న బోరేస్తుంటే ఆడ వద్దు, నా చేను పక్కన వెయ్యమని చెప్పా. విన్నాడా?”

“మా నాన్ననంటావా?”

“అంటా! ఇంకోసారి నా గట్టెక్కితే నిన్ను నరికి మున్నేట్లో కలిపేస్తా!”

“మామయ్యా, మున్నేట్లో నీళ్ళు లేవు” అన్నాను నేను, వాతావరణం తేలికపడుతుందని. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. ఆ గట్టు మీద వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం నేను చూసింది అప్పుడే.

బోరుని తేలేం కాబట్టి బోరులో ఉన్నది తేవాలని పెదనాన్న తీర్మానించాడు. నీళ్ళు పడని బోరులో ఉన్నది కేసింగ్ పైపు ఒక్కటే. దానికి గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగించి, కడిగించి, దాని వెనక ట్రక్కులో వేయించాడు. తను తెల్లచొక్కా వేసుకున్నాడు. నాయనమ్మ, “ఆయన పేరు మీదున్న బోరు, నేను రాకపోతే ఎట్టా” అని ట్రక్కులో పైపు పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నేను తువ్వాలుకి అందనంత దూరంలో కూర్చున్నాను. దారి పొడుగునా పైపు ట్రక్కు అడుగున మోగుతుంటే, ఎదురొచ్చిన ఆటోలవాళ్ళు ఎవరో పెద్దమనిషి ఊరేగింపు అనుకుని పక్కకి తప్పుకున్నారు.

హెడ్డుగారు బయటికొచ్చి ట్రక్కులోకి తొంగిచూశారు. “ఏందండీ ఇది?”

“నాలుగొందల యాభై ఐదండి. మీరు తెమ్మన్నారుగా. పైపు వరకే వచ్చింది, మిగతాది భూమిలో ఉంది.”

“మిగతాదా?”

“లోతండీ.”

హెడ్డుగారు టోపీ తీసి తల తుడుచుకున్నారు. “నేను తెమ్మంది మీ నాన్నగారి వెపన్ అండీ, వెపన్!”

“ఓపెనేం లేదండీ, నాపరాయి కప్పాం” అన్నాడు పెదనాన్న, ఇంకా కోపంగానే.

“ఓపెన్ కాదు! వెపన్! తుపాకీ! దాని గొట్టం సైజుని బోరంటారు!”

ఆ తర్వాత హెడ్డుగారు నవ్విన నవ్వు లోపల సెల్లో ఉన్నవాళ్ళకి కూడా అంటుకుంది. నేనూ నవ్వాను. ఆపుకోలేక ట్రక్కు తలుపు పట్టుకున్నాను. పెదనాన్న ఒక్కడే నవ్వలేదు. ఆయన తువ్వాలు దులపలేదు కూడా. బోరు పోతే పోయిందనుకుని వచ్చిన మనిషి. అడుగుతున్నది దేన్నో ఇప్పుడర్థమైంది. “అది ఇవ్వటం కుదరదండీ” అన్నాడు మెల్లగా. “మా నాన్నకి మాటిచ్చా.”

హెడ్డుగారు మంచివారు. కుర్చీ వేయించి విడమర్చి చెప్పారు. లైసెన్సు మనిషితోనే పోతుంది. కొడుకులు తమ పేరు మీద అడగొచ్చు, కానీ ఈ బోరు మామూలు జనం దగ్గర ఉండకూడని బోరు. పాత లైసెన్సు కాబట్టి తాతయ్య ఉన్నన్నాళ్ళూ నడిచింది. ఇంక ఎవరి పేరు మీదికీ మారదు. “గొట్టం మార్చి ముప్పై రెండు చేయించుకోవచ్చా?” అని పెదనాన్న అడిగాడు. అది ఇంకా పెద్ద నేరమన్నారు. పోనీ పేలకుండా చేసి పెట్టుకుంటామన్నాడు. (పేలిందెప్పుడు గనక, అన్నాను నేను. ఎవరూ పట్టించుకోలేదు.) దానికీ ఎక్కడెక్కడి అనుమతులో కావాలట, వచ్చేలోపు ఇక్కడ కేసవుతుందట.

నాకు అప్పుడు నిజంగా కోపం వచ్చింది, జోకు రాలేదు. దొంగ తుపాకీ పెట్టుకునేవాడు ఏ స్టేషన్‌కీ ఫోన్ నెంబరు ఇవ్వడు. ప్రతి ఎన్నికలకీ గుర్తుపెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చి, చెప్పిన రోజుకి వెళ్ళి తెచ్చుకుని, దసరాకి బొట్టు పెట్టినవాడి ఇల్లే చట్టానికి సులభంగా దొరుకుతుంది. ఆ మాట పైకి అన్నాను. హెడ్డుగారు నొచ్చుకోలేదు. “దొరికినోళ్ళ దగ్గరే కదా బాబూ మేం అడగ్గలిగేది” అన్నారు. ఆ మాటా నిజమే, అందుకే ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

మర్నాడు సవతిని తీసుకెళ్ళాం. నాయనమ్మ దానికి బొట్టు పెట్టి, తన పాత చీర చింపి చుట్టింది. స్టేషన్‌లో బల్ల మీద చీరముక్క విప్పి పెట్టాక, హెడ్డుగారు దాన్ని తీసుకోబోతుంటే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“తుపాకీ మీదైతే తీసుకో నాయనా. కొమ్ము మాత్రం నాది.”

“కొమ్మేంటమ్మా?”

“ఆ పిడి నా గేదె కొమ్ము. మా అమ్మగారింటి నించి తోలుకొచ్చుకున్నా దాన్ని. నాకు చెప్పకుండా కోయించాడాయన. అప్పుడే అడగాల్సింది, కొత్త కోడలినని నోరుమూసుకున్నా. ఇప్పుడు అడుగుతున్నా. నా కొమ్ము నాకియ్యి.”

“పిడి కూడా వెపన్‌లో భాగమేనమ్మా.”

“ఆ గేదెకి లైసెన్సు ఎవరిచ్చారు నాయనా? చూపెట్టు!” నాయనమ్మ గొంతు పెరిగింది. “ఆయన ఉన్నన్నాళ్ళూ దీన్ని తిట్టుకుంటూ కాపరం చేశా. నా సవతిని నేను తిట్టుకుంటా, నేను కొట్టుకుంటా, మధ్యలో నువ్వెవరివయ్యా తీసుకుపోటానికి? తీసుకుపోతే పో. మొగుడు పోయాడు, సవతి పోతోంది, నా గేదె కూడా నీకే కావాలా?”

పెదనాన్న గోడవైపు తిరిగాడు. హెడ్డుగారు లోపలికి, పై అధికారి గదిలోకి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. “కొమ్ము గురించి ఎక్కడా రాయలేదన్నారమ్మా” అని, రెండు చెక్కలూ విప్పి చీరముక్కలో పెట్టి ఇచ్చారు. పిడి లేని సవతి చలికి ఒంటి మీద గుడ్డ లేని మనిషిలా కనిపించింది. దానికొక చీటీ కట్టి లోపల ఇనప్పెట్టెలో పడేశారు.

తిరుగుదారిలో చిల్లకల్లు దగ్గర టీ తాగటానికి ఆగాం. పెదనాన్న ఒళ్ళో కొమ్ముచెక్కలు పెట్టుకుని వేలితో రుద్దుతున్నాడు. కుడివైపు చెక్క మీద తాతయ్య బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉంది. ఎప్పుడూ పేల్చని తుపాకీకి ఆ గుంట ఎలా పడిందంటే, దిండు కింద పెట్టుకుని తడుముకుంటూ పడుకోవటం వల్ల. “ఒరేయ్” అన్నాడు పెదనాన్న, “దీనికో తుపాకీ కొనాలి.”

చొక్కా కొన్నాక గుండీలు కుట్టించుకునేవాళ్ళని చూశాను. గుండీలున్నాయని చొక్కా కొనబోయే మనిషిని అప్పుడే చూశాను. ఆ మాటే అన్నాను. “అవును, అంతే” అన్నాడు పెదనాన్న. తువ్వాలు కదల్లేదు. నాకు భయమేసింది.

చట్టం ఒప్పుకునే బోరుతో తుపాకీ కొనాలంటే ముందు పెదనాన్న పేరు మీద లైసెన్సు రావాలి. లైసెన్సు రావాలంటే ప్రాణహాని ఉండాలి. విజయవాడలో లైసెన్సులిచ్చే పెద్దాఫీసులో గుమస్తాగారు తల ఎత్తకుండా అడిగారు: “మీకు ఎవరి వల్ల ప్రాణహాని?”

“నాకా? ఎవరూ లేరండీ. మా ఊళ్ళో నేనంటే అందరికీ గౌరవం.”

“అయితే రాదు.”

పెదనాన్న బయటికొచ్చి బస్సెక్కేదాకా ఆగి, నందిగామ దాటాక బద్దలయ్యాడు. “అంటే నన్ను చంపేంత పగోడు ఒక్కడు కూడా లేడనా వాడి ఉద్దేశం? ఇన్నేళ్ళు ఊళ్ళో పెద్దమనిషిగా బతికి, ఎంతమందికి తీర్పులు చెప్పి, ఒక్క శత్రువునన్నా సంపాదించుకోలేదా నేను?” బస్సులో వాళ్ళంతా సానుభూతిగా చూశారు. “ఉన్నాడుగా పెదనాన్నా, గట్టు మామయ్య. నరికి మున్నేట్లో కలుపుతానన్నాడు” అన్నాను. నేను జోకుగానే అన్నాను. పెదనాన్న మొహం పెళ్ళిసంబంధం కుదిరినవాడిలా వెలిగిపోయింది.

అర్జీలో మామయ్య పేరు రాసేశాడు. కొన్నాళ్ళకి విచారణకని హెడ్డుగారే మోటారుసైకిల్ మీద మా చేలోకి వచ్చారు. మామయ్య పార పట్టుకుని గట్టు చెక్కుతున్నాడు. (గట్టు మావైపు చెక్కుతున్నాడు. ఆ సంగతి అప్పటికి పక్కన పెట్టాం.)

“ఏమండీ, మీరు ఈయన్ని చంపుతామని బెదిరించారా?”

మామయ్య పార కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. “అయ్యో, ఎంత మాట! బావగారంటే నాకు ప్రాణమండీ.”

“ఏంటీ?” అన్నాడు పెదనాన్న.

“ఒకే కంచంలో తిన్నట్టుంటామండీ మేము. ఎవరో గిట్టనోళ్ళు చెప్పుంటారు.”

“అబద్ధం! సార్, పచ్చి అబద్ధం! నేనంటే వీడికి ప్రాణమా? మా అమ్మాయి పెళ్ళికి వచ్చి పప్పులో ఉప్పు లేదని ఊరంతా చాటాడు సార్!”

“ఉప్పు లేదు కాబట్టి చెప్పా. ప్రేమ లేకపోతే చెబుతానా?”

“నాకొద్దు నీ ప్రేమ! మగాడివైతే ఆ రోజు అన్న మాట ఇప్పుడను! హెడ్డుగారి ముందు అను! పిరికోడా!”

పిరికోడా అన్న మాట దగ్గర మామయ్య మొహం మిరపపండయింది. పార మళ్ళీ చేతిలోకి వచ్చింది. “ఎవడ్రా పిరికోడు? నరుకుతా! ఇప్పుడే, ఇక్కడే, ఈ గట్టు మీదే నరుకుతా! హెడ్డుగారు కాదు, ఎవడు అడ్డమొస్తాడో చూస్తా!”

“విన్నారా సార్!” అన్నాడు పెదనాన్న. ఆయన గొంతులో అంత సంతోషం నేను మళ్ళీ వినలేదు. హెడ్డుగారు జేబులోంచి పెన్ను తీశారు. తర్వాత ఇద్దరికీ మామయ్య బోరు నీళ్ళే తాగించి, పార తన మోటారుసైకిల్‌కి కట్టుకుని పోయారు.

లైసెన్సు రావటానికి చాలాకాలమే పట్టింది. వచ్చాక విజయవాడలో లైసెన్సున్న షాపుకి వెళ్ళి పాత ముప్పై రెండు బోరు రివాల్వరు ఒకటి కొన్నాం. కొత్తది వద్దన్నాడు పెదనాన్న, వయసున్నదే కావాలన్నాడు. ఎవరో పెద్దాయన పిల్లలు అమ్మేసిందట. తాతయ్యదాని పక్కన ఇది కోడి పక్కన పిచ్చుక. కొమ్ముచెక్కలు దానికి పెట్టి చూస్తే పిచ్చుకకి గేదె కొమ్ములు మొలిచినట్టుంది. షాపు మేస్త్రీ పైన అరగదీస్తానన్నాడు. “పైన గీత పడితే ఊరుకోను. లోపల్నించి ఎంతన్నా తియ్యి” అని పెదనాన్న అరిచిన అరుపుకి పక్క షాపువాళ్ళు వచ్చి చూశారు. పాపం మేస్త్రీ లోపల్నించే తీసి, మరలకి కొత్త కన్నాలు పెట్టి, ఎలాగో బిగించాడు. తాతయ్య తోలుసంచిలో పెడితే అది అడుగుకి జారిపోయింది. మా చేలో పత్తి కొంచెం కుక్కితే నిలబడింది.

నాయనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. “ఇదేంట్రా, కడుపులో ఉన్నప్పుడు తిండి లేనట్టుంది” అని కసిరింది. తర్వాత తన బొటనవేలు ఆ గుంటలో పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. “సవతి కూతురు” అంది చివరికి, ఎవరితోనూ కాదు, గేదెతో కూడా కాదు. ఆ వెంటనే కోపం తెచ్చుకుని, “తుపాకీ బీరువాలో పెట్టుకో, నాకెందుకు. నా కొమ్ము విప్పిచ్చి పో” అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో తుపాకీ బీరువాలోనూ పిడి నాయనమ్మ దిండు కిందా ఉంటున్నాయి. దసరాకి మాత్రం రెండూ కలుసుకుంటాయి. అడవిపందులకి ఈ సంగతి ఎలాగో తెలిసింది, నిశ్చింతగా వచ్చి పోతున్నాయి.

ఇచ్చిన మాట నిలబడ్డట్టా, లేనట్టా? పెదనాన్న ఆ లెక్క ఎప్పుడూ తేల్చలేదు. అసలు సవతి ఆ ఇనప్పెట్టెలోనే ఉందో, ఇంకెక్కడికన్నా పంపారో కనుక్కుందామంటే, “వద్దు. తుప్పు పట్టిందని వినలేను” అన్నాడు. ఇంతలో గట్టు మామయ్య కూడా లైసెన్సుకి అర్జీ పెట్టాడు. కారణం: పక్క చేనాయన దగ్గర తుపాకీ ఉంది, నాకు ప్రాణహాని. విచారణకి హెడ్డుగారు మళ్ళీ గట్టు మీదికొచ్చారు. పెదనాన్న చేతులు కట్టుకుని, “బావంటే నాకు ప్రాణమండీ” అన్నాడు.

మొన్నటి ఎన్నికలకి పెదనాన్న మోకాళ్ళ నొప్పులతో నడవలేక, నాతో వచ్చి కారులోనే కూర్చుని నన్ను లోపలికి పంపాడు. నేనిప్పుడు నందిగామలో ఉద్యోగం చేసుకుంటున్నాను, ఆఫీసులో నా జోకులకి మంచి పేరు. స్టేషన్‌లో ఎవరో కొత్త కానిస్టేబుల్, నాకంటే చిన్నవాడు. “బోరెంత?” అన్నాడు. ముప్పై రెండన్నాను. సంచిలోంచి తీసి చూశాడు. పత్తి రాలింది. “పిడి ఏదండీ?”

“ఇంట్లో ఉంది.”

“ఇంట్లో ఎక్కడ?”

“మా నాయనమ్మ దిండు కింద. అది గేదె కొమ్ము. తుపాకీది కాదు.”

అతను నవ్వాడు. పక్కవాళ్ళని పిలిచి, “రండన్నా, గేదె కొమ్మంట, దిండు కిందంట” అని చూపించి మళ్ళీ నవ్వాడు. నవ్వించటమే పనిగా పెట్టుకున్నవాణ్ణి, నిజానికి నేను సంతోషించాలి. కానీ ఎక్కడో కింద నుంచి, నీళ్ళు పడని లోతు నుంచి, ఏదో పైకి తన్నుకొచ్చింది. “అందులో నవ్వటానికేముందయ్యా?” అని అరిచాను. ఆ గొంతు నాది కాదు. బయట కారులో కూర్చున్న పెదనాన్న తల తిప్పి చూశాడు. ట్రక్కు తలుపు పట్టుకుని నవ్వాపుకోలేకపోయిన ఆ కాలేజీ కుర్రాడు ఇప్పుడు ఇక్కడుంటే ఏ జోకు వేసేవాడో నాకు బాగా తెలుసు. వాణ్ణి వెయ్యనివ్వలేదు. నా చెయ్యి దానంతటది లేచి, భుజం మీద లేని తువ్వాలు కోసం వెతుక్కుంది.